సుక్కమ్మ కట్టిన బల్లల లెక్క

మా అవ్వ సుక్కమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా పట్నం నుంచి వచ్చిన డాక్టరొకాయన ఆమె రాసిన లెక్క చూసి తన లెక్క కొట్టేసుకున్నాడు. రాసిన లెక్క అన్నాను గానీ ఆమె రాయలేదు, మూటగట్టింది. అదెట్లాగో చెబుతాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. మంత్రసాని. మొయినాబాదు నుంచి చిల్కూరు పోయే బాటకు కొంచెం లోపలగా తుమ్మలగడ్డ అని చిన్న ఊరు మాది. నలభై గడపలుంటే ఎక్కువ. ఊరికి ఒక పక్క చెరువు, దాని కింద వరి మళ్లు. ఇంకో పక్క రాళ్ల గుంత. గండిపేట చెరువుకు కట్ట పోసే రోజుల్లో అక్కడి నుంచి రాయి తీశారట. రాయి పోయింది, గుంత మిగిలింది. వానకు నిండితే ఎండాకాలం దాకా ఎండదు. చెరువు దిక్కు ఇళ్లను చెరువు వాడ అనేవాళ్లు, గుంత దిక్కు ఇళ్లను బండ వాడ. మాది చెరువు వాడ.

అవ్వ మనిషి పొట్టి, వేళ్లు మాత్రం పొడుగు. ఎవరి పిల్లలు ఎదురైనా మొదట కడుపు మీద చెయ్యి వేసేది. తిన్నావా అని అడిగేది కాదు, తడిమి తెలుసుకునేది. వాళ్లు భూమ్మీద పడ్డప్పుడు మొదట పట్టుకున్న చెయ్యి ఆమెదే గనుక ఏ పిల్లా బెదిరేది కాదు, ఏ తల్లీ తప్పు పట్టేది కాదు.

గండిపేట కట్ట పూర్తయి పదిహేను పదహారేళ్లు అయి ఉంటుంది. ఆ ఏడు వానలు ఆగగానే ఊరికి చలిజ్వరం పట్టుకుంది. దినం విడిచి దినం, పొద్దు నడినెత్తికి రాగానే వణుకు మొదలు. నాకప్పుడు ఆరేళ్లు. గొంగడి మీద గొంగడి కప్పినా పళ్లు టకటక కొట్టుకునేవి. ఈ జ్వరం పాతబడితే పిల్లల కడుపులో ఎడమ దిక్కున, పక్కటెముకల కింద, గట్టిగా ఒకటి పెరుగుతుంది. దాన్ని మా దగ్గర బల్ల అంటారు. కూర్చునే చెక్కనూ బల్లే అంటారు. రెండూ ఒకటే మాట, జర గుర్తుంచుకోండి.

నాకు బల్ల పక్కటెముకల కింద నాలుగు వేళ్ల వెడల్పు దిగింది. అంతకు ముందటేడు మా వాడలో ఒక పిల్ల ఇట్లాగే బల్ల పెరిగి చనిపోయింది. అందుకని మా అమ్మ రాధమ్మ నా కడుపు చూసినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది.

ఆ చలికాలం మొదట్లో డాక్టరు రామేశ్వర్ మొయినాబాదులో డేరా వేశాడు. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. ఖాకీ బట్టలు, నల్లటి మీసం, చంకలో రిజిస్టరు. చలిజ్వరం ఏ ఊళ్లో ఎంత ఉందో లెక్క తీసి ఎనిమిది రోజుల్లో చేవెళ్ల తహసీలు కచేరికి ఇవ్వాలి. ఊళ్లో రెండేళ్లు దాటి పదేళ్లు నిండని పిల్లలందరినీ చూడాలి. వాళ్లలో సగం మందికి బల్ల ఉంటే ఆ ఊరికి ఆరు నెలలు కొయినా గోలీలు ముఫ్తుగా ఇస్తారు. కొయినా అంటే చలిజ్వరానికి వేసే చేదు మందు. సగానికి ఒక్కటి తక్కువైనా ఆ ఊరికి లేదు.

కానీ ఖాకీ బట్టలు కనబడితే పిల్లలు ఉంటారా? వడ్లగుమ్ముల్లో దూరారు, చెట్లెక్కారు. డాక్టరుకు విసుగొచ్చి, పట్వారి దగ్గర రాతకోతలు చూసే శంకరయ్యను పిలిచాడు. డాక్టరు చదువంతా ఉర్దూలో చదివినాయన గనుక, కడుపులో పెరిగేదాన్ని తెలుగులో ఏమంటారో ముందే ఎవరినో అడిగి పెట్టుకున్నాడు.

"శంకరయ్యా, ఇల్లిల్లు తిరుగు. ఏ ఇంట్ల ఎన్ని బల్లలున్నయో రాసుకొని రా."

శంకరయ్యకు రెండు బల్లలూ తెలుసు. కానీ అప్పటి రోజులు వేరు. సర్కారు మనిషి దిగాడంటే ఊరి మీద పడి మంచాలు, కుండలు, కట్టెలు, కోళ్లు అన్నీ వెట్టికి పట్టుకుపోయేవాళ్లు. మీ ఇంట్లో ఏమున్నాయి అని అడిగారంటే ఎత్తుకుపోవడానికే. కాబట్టి ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడు, కూర్చోవడానికి బల్లలు కావాలి అనుకున్నాడు శంకరయ్య. ఊరు కూడా అట్లాగే అనుకుంది.

మా ఇంటికొచ్చినప్పుడు అవ్వ లేదు, ఎక్కడో కాన్పుకు పోయింది.

"రాధమ్మా, మీ ఇంట్ల బల్లలెన్ని?"

"మాకు బల్లలెక్కడియి అన్నా? నేల మీద కూసునేటోళ్లం."

"మంచిగైంది. సున్న."

నేను అప్పుడు ఆ గోడ వెనకే గొంగళ్ల కింద వణుకుతున్నాను. గొర్లు కాచుకునే బీరయ్యకు ఒక పాత బల్ల ఉండేది. దాన్ని గొర్ల మందలోకి తోసి, పైన గొంగడి పరిచి, లేదన్నాడు. ఊరు ఊరంతా సున్న.

మొయినాబాదులో కిరాణా దుకాణం ముకుందం సేటుది. ఆయనకు పిల్లలు లేరు గానీ బల్లలు నాలుగు. రెండింటిని గడ్డివాములో దాచి రెండు చెప్పాడు. పూర్తిగా లేవంటే నమ్మరు గదా.

మర్నాడు డాక్టరు ఆ కాగితం చూసి తుమ్మలగడ్డ పేరు మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టాడు. మందు లేదన్నమాట. తర్వాత కిందికి చూస్తే ఆయనకు ఒకటి అర్థం కాలేదు. కూలీనాలీ చేసుకునే ఇళ్లలో ఒక్క పిల్లకూ బల్ల లేదు, పిల్లలే లేని సేటు ఇంట్లో రెండున్నాయి. ఇదేం జ్వరం? చూద్దామని తానే దుకాణానికి నడిచాడు. అదే పొద్దున మా అవ్వ బెల్లానికి, నూనెకు అక్కడికే పోయి ఉంది. మిగిలింది ఆమె చెప్పగా విన్నదే. ఆమె ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా సేటు గొంతు సేటుకు, డాక్టరు గొంతు డాక్టరుకు పెట్టి చెప్పేది.

"సేటూ, మీ ఇంట్ల రెండు బల్లలున్నయంట గద. చూపించు. నేను చెయ్యి పెట్టి చూడాలె."

ముకుందం చేతులు జోడించాడు. "చూడుండ్రి సాబ్, నాకేం దాపరికం? ఇగో, ఈ రెండే. టేకువి. మా నాయిన చేయించిండు."

"మనుషులను చూపించమంటే చెక్కలు చూపిస్తవేంది?"

"మనుషులు కూసుంటే సరిగ కనవడవని ఇప్పుడే లేపిన సాబ్."

డాక్టరు మీసం సవరించుకున్నాడు. "ఎన్ని నెలల నుంచి పెరిగినయ్?"

"పెరుగుడేంది సాబ్? ఎండకు జర వంగినయి గని, టేకు చెక్క ఎక్కడన్న పెరుగుతదా?"

"అరే, ఎన్ని వేళ్లున్నయో అది చెప్పు!"

"వేళ్లు కాదు సాబ్. ఒక్కొక్కదానికి నాలుగు కాళ్లు."

అక్కడికి అవ్వ చేతిలో నూనె గిన్నె ఒలికిపోయింది. కడుపు పట్టుకుని నవ్విందట.

"ఓ సేటూ! సాబ్ అడిగేది కూసునే బల్ల గాదయ్యా. కడుపుల బల్ల!"

ముకుందం తన పొట్ట నిమురుకున్నాడు. "నా కడుపుల బల్ల ఎక్కడిది? ఇది ఉత్త పొట్ట." అని ఒక్క క్షణం ఆగి, మొహం వెలిగి, "అయితే గడ్డిల దాసిన రెండు గూడ బయటికి తెచ్చుకోవచ్చా సాబ్?" అన్నాడు.

డాక్టరు ఆ టేకు బల్ల మీదే కూలబడ్డాడు. రిజిస్టరు తీసి చూసుకున్నాడు. "అంటే శంకరయ్య రాసుకొచ్చిందంత చెక్కల లెక్కనా? తుమ్మలగడ్డ మొత్తం సున్న..."

అవ్వ నవ్వు ఆగిపోయింది. "మా ఊరికి సున్న ఏసినవా సాబ్? మా మనుమరాలు అంతమ్మ ఒక్కదానికే నాలుగు వేళ్లున్నది."

"నాలుగు వేళ్లని నీకెవరు చెప్పిండ్రు అవ్వా?"

"ఎవరు చెప్పాలె? ఏళ్లు పెడితే తెల్వదా?"

డాక్టరు ఆమె చేతుల వంక చూశాడు. కోపం పోయి ఏదో తెలుసుకోవాలన్న ఆశ పట్టుకుంది ఆయనకు. తాను అప్పటికే చూసి రాసి పెట్టుకున్న పిల్లలు మొయినాబాదులో ఐదుగురున్నారు. వాళ్లను పిలిపించి, తన కాగితం బోర్లించి, అవ్వను చూడమన్నాడు. నలుగురి దగ్గర ఇద్దరి మాటా ఒకటే అయింది. ఐదోవాడికి కాగితంలో లేదని ఉంది. అవ్వ ఒక వేలు ఉందంది.

"నేను మంచిగ చూసిన అవ్వా. లేదు."

"ఊపిరి లోపటికి గుంజితేనే అది కిందికి దిగుతది సాబ్. నువ్వు గుంజమంటే పోరడు భయపడి కడుపు బిగబట్టిండు. ఇప్పుడు సూడు."

అప్పుడే కొన్న బెల్లం ముక్కను వాడి ముక్కు దగ్గర పెట్టింది. "వాసన జూడు బిడ్డా. కొత్త బెల్లమా, పాతదా?" వాడు గట్టిగా వాసన పీల్చాడు. కడుపు వదులైంది. డాక్టరు వేళ్ల కొసలకు మెత్తటి అంచొకటి వచ్చి తగిలింది. రబ్బరు తీసి తన కాగితం మీద సున్న చెరిపేశాడు.

"మీ ఊరు నువ్వు జేస్తవా అవ్వా? నాకు ఇంక ఆరు రోజులే ఉన్నయ్."

"జేస్త. గని నాకు రాసుడు రాదు."

"మరి యాది పెట్టుకుంటవా?"

"నా యాది మీద నాకే నమ్మకం లేదు సాబ్. గింజలు పెడత."

అవ్వ పాత చీర అంచు ఒకటి పొడుగ్గా చింపుకుంది. ఒక్కో ఇంటికి అందులో ఒక్కో ముల్లె, అంటే ముడేసిన చిన్న మూట. బల్ల లేని పిల్లకు పెసరగింజ, ఉన్న పిల్లకు అనపగింజ. పిల్లకొక గింజ, ఇంటికొక ముల్లె, ఇళ్లు ఏ వరసలో ఉన్నాయో ముల్లెలూ ఆ వరసలోనే. చెరువు వాడలో మా ఇంటి నుంచి మొదలుపెట్టి బండ వాడ చివరి గడప దాకా పోయింది. గింజలు మా ఇంటి కుండలోవి, పోయినేటి పంట. అనపగింజలు ముదిరి ఇటుక రంగుకు తిరిగి ఉన్నాయి.

పిల్లల వయసు దగ్గర ఎవరైనా తడబడతారు, అవ్వ తడబడలేదు.

"మా వానికి ఎన్నేండ్లో నాకు తెల్వది సుక్కవ్వా," అంది ఒక తల్లి.

"నాకు తెలుసు. నీకు నొప్పులొచ్చిన దినం నీ మొగడు నన్ను పిలువనీకి ఉరికొచ్చి మా కోడిపెట్టను తొక్కి సంపిండు. గా ఏడే మా రాధమ్మ కాపురానికి వచ్చింది. ఏడేండ్లు నీ కొడుక్కు."

"గా కోడి ఇంక యాదికున్నదా నీకు?"

"గుడ్లు పెట్టే కోడి గదనే!"

మూడు రోజులు తిరిగింది. బెల్లం ముక్క వాసన చూపించడం, వేళ్లు పెట్టడం, అదే ముక్కలో చిటికెడు వాడి నోట్లో పెట్టడం. డాక్టరును చూసి చెట్లెక్కిన పిల్లలే, ఒకసారి చూపించుకున్నాక కూడా మళ్లీ చూడమని వెంటబడ్డారు.

మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆ పేలికను చుట్టబోతూ అవ్వ ఆగిపోయింది. నడుమ పట్టుకుని ఎత్తి చూసింది. ఒక కొస కిందికి దిగింది, ఒక కొస తేలిపోయింది. ఇంకోసారి ఎత్తింది. మళ్లీ అంతే.

"గిదేందే? బండ వాడ దిక్కు బరువున్నది," అంది తనలో తానే. పెసరగింజ చిన్నది, అనపగింజ పెద్దది. బరువంటే బల్లలే. కానీ అన్నీ అటే ఎందుకున్నాయి? ఆ ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వలేదు.

మా అమ్మకు ఆ ప్రశ్నతో పనిలేదు. "అత్తా, సగం అయినయా లేదా?"

అవ్వ ఇరవైల మీద లెక్కపెట్టేది. "పిల్లలు రెండు ఇరువైల ఎనిమిది. సగమంటే ఇరువై నాలుగు కావాలె. బల్లలు ఇరువై మూడున్నయ్."

"ఒక్కటి తక్కువనా?"

"ఒక్కటే."

"ఒక్క గింజకు నా బిడ్డకు మందు రాదా?"

అవ్వ పేలిక పక్కన పెట్టింది. నా దగ్గరికొచ్చి కడుపు మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది.

తెల్లారి అవ్వ చెరువుకు పోయింది. అమ్మ ఆ పేలిక తీసుకుని చేతికందిన కొస నుంచి మూడు ముల్లెలు విప్పింది. అప్పుడే కోసి ఎండకు పోసిన కొత్త అనపగింజలు మూడు తెచ్చి ముల్లెకొకటి వేసి మళ్లీ కట్టింది. నేను చూశాను. ఎవరికీ చెప్పొద్దని కళ్లతోనే చెప్పింది. నేను చెప్పలేదు.

పొద్దెక్కాక డాక్టరు వచ్చాడు. అవ్వ వాకిలి అలికి ఆరబెట్టి ఉంచింది. రిజిస్టరు తెరిచి, "చెప్పు అవ్వా, రాసుకుంట," అన్నాడు ఆయన. "చెప్పుడు గాదు, సూపిస్త," అని అవ్వ ముగ్గు తీసుకుంది. ఇటు చెరువు గీసింది, అటు గుంత గీసింది, నడుమ బాట. బాటకు అటూ ఇటూ ఇంటికొక గడి. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఏం ముగ్గు ఇది, పండుగ కూడా కాదు గదా అని నవ్వారు.

ఆమె మొదట విప్పింది మా ఇంటి ముల్లె. రెండు అనపగింజలు గడిలో పడ్డాయి.

మా ఇంట్లో పిల్లను నేనొక్కదాన్నే.

అవ్వ రెండు గింజలూ అరచేతిలో వేసుకుంది. ఒకటి ఇటుక రంగు. ఒకటి తెల్లగా, ఇంకా తడి ఆరనిది. తెల్లదాన్ని తీసి పక్కన పెట్టింది. రెండో ముల్లెలో ఒక తెల్లది, మూడోదాంట్లో ఒకటి. అవీ తీసేసింది.

"ఇదేంది అవ్వా?" అన్నాడు డాక్టరు.

"కొత్త గింజలు సాబ్. నావి పాతవి."

"ఎట్లొచ్చినయ్?"

"ఏమో మరి. ఎలుకలైతే గింజలు ఎత్తుకపోతయి గని, తెచ్చి మూటగట్టి పోవు గద."

ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంక ఆపుకోలేకపోయింది.

"నేనే ఏసిన! ఉండనియ్యరాదు అత్తా? మూడు గింజలే గద, ఎవరి సొమ్ము పోయింది? బిడ్డ కడుపు రాయి లెక్క గట్టిగైంది. నీ మనుమరాలు గాదా అది?"

"నా మనుమరాలే."

"మరి?"

"రాధమ్మా, గీ ఊళ్లె పిల్లలందరు నా చేతులల్లనే పుట్టిండ్రు. గీ ముగ్గురు పుట్టలే. నా చేతిల పుట్టని పిల్లల్ని నేనెట్ల లెక్కపెట్టుకుంట?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. మిగిలిన ముల్లెలు అవ్వ వరసగా విప్పింది. డాక్టరు లెక్కపెట్టాడు. నలభై ఎనిమిది, ఇరవై మూడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"ఒకటి తక్కువ అవ్వా. నా చేతుల లేదు. పైనోళ్లు పెట్టిన షరతు."

అవ్వ గొంతుక్కూర్చుని ముగ్గునే చూస్తోంది. ముందటి రోజు నుంచి ఆమెను తొలిచే మాట ఇంకా లోపలే ఉంది.

"సాబ్, నాకొకటి సమజైతలేదు. అనపలన్ని గుంత దిక్కే ఎందుకు కుప్పవడ్డయ్?"

డాక్టరు అంతదాకా మొత్తమే చూశాడు, గడులు చూడలేదు. వంగాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఖాకీ పంట్లాముకు ముగ్గంటింది. బండ వాడలో ఇరవై మంది పిల్లలు, పద్దెనిమిది బల్లలు. చెరువు వాడలో ఇరవై ఎనిమిది మంది, ఐదు బల్లలు.

"అరే," అన్నాడు. "చెరువు పక్కన ఎక్కువుంటయనుకున్న నేను. ఇది ఉల్టా ఉన్నది." మళ్లీ చూశాడు. "ఈ జ్వరం తెచ్చేది దోమ అవ్వా. పొద్దుగూకినంక వచ్చి పండుకున్నోళ్లను కుడుతది. గుంత దిక్కు దోమలున్నయంటే, మరి చెరువు వాడల ఈ ఐదుగురికి ఎట్లొచ్చింది?"

"పండుకున్నోళ్లనే కుడుతదా?" అంది అవ్వ. ఆమె చెయ్యి మా ఇంటి గడి మీదికి పోయి ఆగింది. "సాబ్! మా అంతమ్మ తినుడే ఈడ. పండుకునుడు ఆడ, వాళ్ల అమ్మమ్మ ఇంట్ల. ముసల్ది ఒక్కతే ఉంటదని తోడుకు పంపుతం."

మా అమ్మది అదే ఊరు, బండ వాడ. నేను రోజూ పొద్దు వాలగానే అమ్మమ్మ దగ్గరికి పోయి పడుకునేదాన్ని. అది ఊరందరికీ తెలుసు. తెలిసిన సంగతి గనుకే ఎవరికీ తట్టలేదు. అవ్వ నా అనపగింజను తీసి గుంత పక్కన అమ్మమ్మ గడిలో పెట్టింది. తర్వాత బీరయ్య ఇంటి గడిలోంచి రెండు తీసి గుంత గట్టు మీద పెట్టింది. "బీరయ్య కొడుకులు. గొర్ల మంద గీడ తోలుతడు. పిల్లలు గూడ మంద కాడనే పండుకుంటరు."

డాక్టరు కళ్లు చిన్నవి చేశాడు. "అవ్వా, ఇప్పుడే మూడు గింజలు తీసినవ్. ఇప్పుడే మూడు జరుపుతున్నవ్. నేనేమనుకోవాలె?"

"తీసినవి లేని పిల్లలు సాబ్. గివి ఉన్న పిల్లలే, జాగ తప్పు పెట్టిన. మేము పిల్లల్ని తండ్రి ఇంట్ల లెక్కపెడతం. దోమకు ఇంటిపేరు తెల్వది గద! నమ్మకపోతే పిలిచి అడుగు."

పిలిచి అడిగాడు. అమ్మమ్మను అడిగాడు, బీరయ్యను అడిగాడు, నన్నూ అడిగాడు. అమ్మమ్మ గురక పెడుతుందని కూడా చెప్పాను. అప్పుడు నమ్మాడు. చెరువు వాడలో ఇంకా రెండు అనపగింజలు మిగిలాయి. ఆ ఇద్దరు పిల్లలూ వాళ్ల ఇళ్లలోనే పడుకునేవాళ్లు. వాళ్లకు ఎట్లా వచ్చిందో అవ్వకూ తెలియలేదు, డాక్టరుకూ తెలియలేదు. జరపకుండా అక్కడే ఉంచారు.

తర్వాత అందరం గుంతకు పోయాం, నన్ను అవ్వ చంకనేసుకుంది. డాక్టరు ఒక తెల్లటి గరిటెతో గట్టు వారన నీళ్లు ముంచాడు. ఈనెపుల్ల ముక్కల్లాంటి పురుగులు పది పన్నెండు కనబడ్డాయి. భూతద్దం అవ్వకు ఇచ్చాడు. ఆమె చాలాసేపు వదల్లేదు.

"మా తొట్టిల పురుగులు తలకిందులు ఏలాడుతయి సాబ్. ఇవి నీళ్ల మీద పిల్లల లెక్క పండుకున్నయ్."

"ఆ పండుకునేటియే పెరిగితే చలిజ్వరం దోమలైతయి."

గుంత నీళ్లు ఒక చెంబులో పట్టుకుని ఊరి అవతలికి నడిచి చెరువులోనూ ముంచాడు. నాలుగు చోట్ల ముంచితే ఒక్క పురుగు. కానీ గరిటెలో రెండుసార్లు బుడ్డపరకలు పడ్డాయి, చిటికెన గోరంత చేపలు. గుంతలో అవి లేవు. అవ్వ ఆ నీళ్ల వంకా ఈ నీళ్ల వంకా చూసి, "తింటున్నయా ఇవి?" అంది. డాక్టరు నవ్వి, చెంబులోంచి నాలుగు పురుగులను ఆ గరిటెలోనే వేశాడు. అందరం మెడలు సాచి చూశాం. చేప ఒకసారి తిరిగింది. పురుగు లేదు.

ఆ రోజు డాక్టరు రిజిస్టరులో తుమ్మలగడ్డ అని ఒకే వరస రాయలేదు, రెండు రాశాడు. చెరువు వాడ వేరే, బండ వాడ వేరే. బండ వాడలో పడుకునే పిల్లలు ఇరవై ముగ్గురు, బల్లలు ఇరవై ఒకటి. సగం దాటింది, షరతు తీరింది. ఆ కాగితం చేవెళ్లకు పోయింది. పన్నెండు రోజులకు గోలీలు వచ్చాయి. చెరువు వాడలో మిగిలిన ఇద్దరికీ తన చీటీ మీద ఇప్పించాడు. ఆడవాళ్లు కుండలతో బుడ్డపరకలు పట్టి గుంతలో పోశారు. బీరయ్య మందను గుట్ట మీదికి తోలుకుపోయాడు.

కొయినా అంత చేదు నేను మళ్లీ ఎప్పుడూ తినలేదు. ఉమ్మేస్తానని అమ్మ ముక్కు మూసి మింగించేది. అవ్వతో ఆమె కొన్నాళ్లు మాట్లాడలేదు, గోలీ వేసే సమయానికి మాత్రం "అత్తా, పట్టుకో" అనేది. అట్లా మళ్లీ మాటలు కలిశాయి.

డాక్టరు అవ్వ ముగ్గును కాగితం మీద నల్ల చుక్కలతో, తెల్ల సున్నలతో గీసుకుని పట్నంలో పెద్ద డాక్టర్ల ముందు గోడకు వేలాడదీశాడట. ఎవరు గీశారంటే ఒక మంత్రసాని అన్నాడట. నకలొకటి అవ్వకు తెచ్చిచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగున్నది. కోళ్లు తినవు," అంది. ఆ తర్వాత పదేళ్లు, యుద్ధం రోజుల్లో కూడా, ఆయన మనుషులు వచ్చి ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. మోకిల, కొండకల్ దాకా పోయింది చీర అంచు పట్టుకుని. పోయిన ప్రతి ఊళ్లో మొదటి ప్రశ్న ఒకటే అడిగేదట: "పిల్ల ఏడ పండుకుంటది?"

నా బల్ల నాలుగు వేళ్ల నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి వచ్చింది. మళ్లీ చలికాలం వచ్చేసరికి ఒకనాడు అవ్వ బెల్లం ముక్క నా ముక్కు దగ్గర పెట్టి, వేళ్లతో వెతికి, వెతికి, "దొరుకుతలేదే," అంది. ముగ్గులో ఉన్నట్టే గింజలన్నీ మళ్లీ మూటగట్టి, ఆ పేలికను ఆమె దూలానికి కట్టి ఉంచింది. దించి, అమ్మమ్మ ఇంటి ముల్లె విప్పి, అనపగింజ తీసి పెసరగింజ వేసింది. తర్వాత ఊరంతా ఇంకోసారి తిరిగి చూసింది. తీసేసిన అనపగింజలు దోసిట్లోకి వచ్చాయి. వాటిని మా అమ్మ చేతిలో పోసింది.

"ఇగ గుడాలు ఎయ్యి," అంది.

అమ్మ ఉప్పూ కారం వేసి ఉడకబెట్టింది. పాత గింజలు గదా, ఎంత ఉడికినా కొన్ని గట్టిగానే ఉన్నాయి. నా పంటి కింద ఒకటి టక్కుమంది. అది నాదేనేమోనని నమిలి మింగేశాను.